మార్పుకు లెక్క: వెర్షన్ కంట్రోల్, ఓపెన్ సోర్స్, మూడు తెలంగాణ పట్టణాలు

ఒక ఫైలులోనో, వేల ఫైళ్లున్న ఒక ప్రాజెక్టులోనో ఏ మార్పు జరిగింది, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్న నాలుగు సంగతులను వరుస తప్పకుండా నమోదుచేసే పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లలో ఇవాళ అందరి నోటా వినిపించే పేరు గిట్. మన పేరు, ఈమెయిలు ఒకసారి చెప్పిపెడితే చాలు, ఆ నాలుగింటిలో మొదటి మూడూ గిట్ తనంతట తానే రాసుకుంటుంది. నాలుగోది మాత్రం మనిషి రాస్తేనే ఉంటుంది. మూలాన్ని ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పాలుపంచుకోవాలనుకునేవారు నేర్వవలసిన అసలు చదువు ఆ నాలుగో గడిలో ఉందన్నది ఈ వ్యాసం వాదన. గిట్ ఆడ్, గిట్ కమిట్, గిట్ పుష్ లాంటి ఆదేశాలు రెండు మూడు రోజుల్లో చేతికి వస్తాయి. ముక్కూమొహం తెలియని మనిషికి మన మార్పు ఎందుకు అవసరమో నాలుగు వాక్యాల్లో ఒప్పించడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. పాఠాలు ఎక్కువగా మొదటిదాని మీదే నడుస్తాయి కనుక రెండోది వెనకబడిపోతోంది.

ఈ తేడా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాల విద్యార్థికి మరింత ముఖ్యం. మొదటి రెండు ఊళ్లు హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి, మూడోది సికింద్రాబాద్-గుంటూరు రైలు మార్గంలో ఉంది. ఇంజనీరింగ్ కళాశాలలు జేఎన్‌టీయూ హైదరాబాద్ కిందికి, డిగ్రీ కళాశాలలు నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. కోదాడ దగ్గర అనంతగిరిలో ఒక ఇంజనీరింగ్ కళాశాల, కోదాడలోనే మహిళలకు ప్రత్యేకంగా మరొకటి ఉన్నాయి. ఇక్కడి విద్యార్థికి హైటెక్ సిటీలో పరిచయాలు ఉండకపోవచ్చు, ప్రాంగణ నియామకాలకు పెద్ద కంపెనీలు ఇంత దూరం రాకపోవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మార్పు పంపేటప్పుడు కళాశాల పేరు ఎవరూ అడగరు, మార్పు నిలుస్తుందా లేదా అన్నదే చూస్తారు. అందుకే ఇది చిన్న ఊళ్లవారికి తెరిచిన తలుపు అని చాలామంది చెబుతారు, ఆ మాట నిజమే. అయితే ఆ తలుపు దగ్గర రద్దీ కూడా తక్కువేమీ లేదు. గిట్ ప్రాజెక్టులను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ అనే వేదిక లెక్కల ప్రకారమే 2023 నాటికి భారతదేశంలో దాని ఖాతాదారులు 1.32 కోట్లు. ఇంతమందిలో ఒకరి మార్పును ఒక నిర్వాహకుడు తెరిచి చదవాలంటే, ఆ మార్పు తన అవసరాన్ని తానే చెప్పుకోగలగాలి.

ఈ క్రమశిక్షణ తెలుగువారికి కొత్తదేమీ కాదు. బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలో పాత గుమాస్తాల చేతిలో ఉండిన చిట్టా, ఆవర్జా పుస్తకాలను తలుచుకుంటే చాలు. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజే ఎక్కుతుంది, ఆవర్జాలో అదే పద్దు ఖాతాల వారీగా సర్దుకుంటుంది. పద్దు తప్పు పడితే గీకి చెరిపేయడం మంచి గుమాస్తా చేసే పని కాదు. తప్పు పద్దును అలాగే ఉంచి, దానికి ఎదురు పద్దు రాసి, పక్కన కారణం వేస్తాడు. గిట్‌లో కమిట్ అంటే సరిగ్గా అలాంటి పద్దు, గిట్ రివర్ట్ అంటే ఎదురు పద్దు. ఇక రెండు ప్రతుల మధ్య తేడాలు పట్టుకునే విద్యకు మన సాహిత్యంలో పాఠాంతర పరిశీలన అని పేరే ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, ఎక్కడ ఏ పాఠం తేడాగా ఉందో రాయించాడు. 1829లో ఆయన అచ్చువేసిన వేమన పద్యాల వెనక ఉన్నది ఆ శ్రమే. లేఖకుడి చేతి తప్పు ఏది, ఎవరో తరవాత చొప్పించిన ప్రక్షిప్తం ఏది, కవి పాఠం ఏది అని తేల్చేవాడు పరిష్కర్త. ఓపెన్ సోర్స్‌లో మెయింటెయినర్ అనే నిర్వాహకుడు చేసేదీ పరిష్కర్త పనే, కాకపోతే ఆయన ముందున్న లేఖకులు ఇంకా బతికే ఉన్నారు, అడిగితే సమాధానం చెబుతారు. బ్రౌన్ పండితులకు ఆ అదృష్టం లేకపోయింది. పాఠాన్ని మార్చిన లేఖకుడు ఎందుకు మార్చాడో రాసిపెట్టి ఉంటే తెలుగు పరిష్కర్తలకు సగం శ్రమ తప్పేది.

కంప్యూటర్లలో ఈ పద్ధతి 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్‌తో మొదలైంది. 1980లలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్, డిక్ గ్రూన్ సీవీఎస్ వచ్చాయి, 2004లో సబ్‌వెర్షన్ 1.0 విడుదలైంది. సీవీఎస్, సబ్‌వెర్షన్ రెంటిలోనూ అసలు చరిత్ర ఒకే కేంద్ర సర్వరులో ఉంటుంది. రాసే హక్కు ఎవరికి ఇవ్వాలన్నది ఆ సర్వరు యజమాని చేతిలో ఉంటుంది, బయటివాడు వాకిట్లో నిలబడాలి. లినక్స్ కెర్నెల్ 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేరును ఉచిత అనుమతితో వాడుకుంది. 2005 ఏప్రిల్‌లో ఆ అనుమతి రద్దయింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న సొంత పనిముట్టు రాయడం మొదలుపెట్టి, 7వ తేదీకల్లా గిట్ చరిత్రను గిట్‌లోనే భద్రపరచగలిగాడు. జూన్‌లో 2.6.12 కెర్నెల్ గిట్ మీదే విడుదలైంది, జులైలో గిట్ బాధ్యత జూనియో హమానో చేతికి వెళ్లింది. ఈ కథలో మనకు పనికొచ్చే అంశం వేగం కాదు. గిట్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది కనుక, మార్పు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ మార్పును అసలు ప్రాజెక్టులో కలుపుకోమని అడగడం మాత్రం మిగులుతుంది. అంటే అనుమతి స్థానంలోకి ఒప్పించడం వచ్చింది. 2008లో మొదలైన గిట్‌హబ్ ఆ అడగడానికే పుల్ రిక్వెస్ట్ అనే బొత్తం పెట్టింది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. నల్లగొండ జిల్లా నుంచి విడిపోయిన సూర్యాపేట జిల్లాలోకి కోదాడ వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఏదో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఊళ్లూ జిల్లాల పట్టిక ఉందని, అందులో ఇప్పటికీ ‘కోదాడ, నల్గొండ’ అనే ఉందని అనుకుందాం. మొదటి పని, ఇదే సంగతి ఇంతకుముందు ఎవరైనా చెప్పారేమో ఇష్యూల జాబితాలో వెతకడం. లేకపోతే ఒక ఇష్యూ రాసి, ప్రాజెక్టును తన ఖాతాలోకి ఫోర్క్ చేసుకుని, ఆ ప్రతిని తన కంప్యూటరులోకి క్లోన్ చేసుకోవాలి. తరవాత ఈ ఒక్క పనికోసం ఒక బ్రాంచి, అంటే విడి పాయ, తెరిచి, ఆ ఒక్క వరుసను ‘కోదాడ, సూర్యాపేట’ అని దిద్దాలి. దిద్దగానే, ఏ వరుసలు మారాయో చూపే గిట్ డిఫ్ ఒకసారి చూసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి. ఎడిటర్ తనంతట ఫైలంతా ఖాళీలు సర్ది, ఒక వరుస మార్పును మూడు వందల వరుసల మార్పుగా చూపించడం కొత్తవారి విషయంలో తరచూ జరుగుతుంది. గిట్ ఆడ్ చేసినప్పుడు మార్పు స్టేజింగ్ అనే మధ్య గదిలోకి వస్తుంది. పద్దు రాసే ముందు చీటీలు వేరుచేసుకునే బల్ల లాంటిది అది. అనుకోకుండా చేసిన మార్పులను, రహస్య పాస్‌వర్డులున్న ఫైళ్లను అక్కడే ఆపేయవచ్చు. కమిట్ చేశాక అది ఫైళ్లన్నిటి ఆనాటి పూర్తి స్వరూపంగా భద్రమవుతుంది. దానికి 40 అంకెలూ అక్షరాల గుర్తింపు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య అందులోని సరుకు నుంచీ, దాని ముందు కమిట్ సంఖ్య నుంచీ లెక్కకట్టినది. కాబట్టి పాత పద్దును ఎవరైనా దొంగచాటుగా దిద్దితే తరవాతి సంఖ్యలన్నీ మారిపోయి పట్టుబడిపోతుంది.

ఇప్పుడు ఆ నాలుగో గడి. ‘ఫైలు మార్చాను’ అని కమిట్ సందేశం రాసేవారు చాలామంది. మార్చావని గిట్‌కు తెలుసు, డిఫ్‌లో కనిపిస్తూనే ఉంది. రాయవలసింది, కోదాడను సూర్యాపేట జిల్లాకు మార్చడం అన్న ఒక చిన్న శీర్షిక. ఆ కింద, 2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణలో ఈ మండలం కొత్త జిల్లాలోకి వెళ్లిందని, మిర్యాలగూడ వరుసను కావాలనే ముట్టుకోలేదని, ఆధారంగా ఫలానా ప్రభుత్వ ఉత్తర్వు చూడవచ్చని మూడు వాక్యాలు. ఎక్కడో బెర్లిన్‌లోనో సావో పౌలోలోనో కూర్చున్న నిర్వాహకుడికి కోదాడ ఎక్కడుందో తెలియనక్కర లేదు, ఆ మూడు వాక్యాలతో ఆయన తనంతట సరిచూసుకోగలడు. అయిదేళ్ల తరవాత ఇంకెవరో గిట్ బ్లేమ్ అని అడిగితే, ఆ వరుస ఎవరు, ఏ కారణంతో మార్చారో బయటికి వస్తుంది. బ్లేమ్, అంటే నింద, అని పేరు పెట్టడం అన్యాయమే. సబ్‌వెర్షన్‌వారు అదే ఆదేశానికి ప్రశంస అనే అర్థమిచ్చే మరో పేరు కూడా పెట్టుకున్నారు.

బ్రాంచి అనగానే ఈ మూడు పట్టణాల వారికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ గుర్తుకు రావడం సహజం. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి మేజర్లు, మైనర్లు చీలుతూ పోతాయి. పోలిక కొంతదూరమే నడుస్తుంది. కాలువలో చీలిన నీరు పొలంలో ఇంకిపోతుంది, గిట్ బ్రాంచి మళ్లీ ప్రధాన ధారలో కలవడానికే చీలుతుంది. కలిసే చోటే చిక్కు వస్తుంది. పై ఉదాహరణలో విద్యార్థి తన బ్రాంచిలో పని చేస్తున్న వారంలోనే మరొకరు పట్టికంతా ‘నల్గొండ’ను ‘నల్లగొండ’గా దిద్దారనుకుందాం. ఇప్పుడు ఒకే వరుసకు ప్రధాన ధారలో ‘కోదాడ, నల్లగొండ’ అనీ, విద్యార్థి దగ్గర ‘కోదాడ, సూర్యాపేట’ అనీ ఉంటుంది. గిట్ తేల్చలేక ఆగిపోయి, ఏడేసి కోణపు గుర్తుల మధ్య రెండు పాఠాలనూ పెట్టి మనిషికి అప్పగిస్తుంది. దీన్నే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. కొత్తవారు దీన్ని చూసి ఏదో పాడైపోయిందని కంగారుపడతారు, ఫోల్డరు చెరిపేసి మళ్లీ క్లోన్ చేస్తారు. రెండూ ఉంచుదామనుకుంటే పట్టికలో కోదాడ రెండుసార్లు వస్తుంది. ఎదుటివారు వర్ణక్రమాన్ని సవరించారు, తాను జిల్లాను సవరించాడు అని రెండు మార్పుల ఉద్దేశమూ తెలిస్తేనే సరైన పాఠం తేలుతుంది: కోదాడ పక్కన సూర్యాపేట, మిర్యాలగూడ పక్కన కొత్త వర్ణక్రమంతో నల్లగొండ. ఎదుటివారి కమిట్ సందేశంలో కారణం రాసి ఉంటే ఇది అరనిమిషం పని. పరిష్కర్తకు లేఖకుడి మనసు తెలియాలన్న పాత సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

తెలుగు పాఠంతో పనిచేసేవారికి కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి, ఆంగ్ల పాఠ్యపుస్తకాలు వీటి జోలికి పోవు. తెలుగులో పేరు పెట్టిన ఫైలును గిట్ స్టేటస్ మామూలుగా తెలుగులో చూపించదు, వాలుగీతలూ మూడంకెల సంఖ్యల దండగా చూపిస్తుంది. ‘అ’ అన్న ఒక్క అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, గిట్ ఆ మూడింటినీ 340, 260, 205 అని అష్టాంశ సంఖ్యల్లో అచ్చువేస్తుంది. కోర్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే తెలుగు కనిపిస్తుంది. రెండోది, గిట్ వరుసల లెక్కన పోలుస్తుంది. పేరాగ్రాఫంతా ఒకే వరుసగా రాసే అలవాటున్న మనకు ఒక కామా మార్చినా పేరా మొత్తం మారినట్టు కనిపిస్తుంది. వాక్యానికొక వరుస వేయడమో, డిఫ్‌కు పదాల వారీ పోలిక అడగడమో దీనికి మందు. మూడోది కంటికి కనిపించని శత్రువు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ‘ట్’ తరవాత పొల్లును విడిగా నిలిపే అదృశ్య అక్షరం ఒకటి ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని వేస్తుంది, కొందరిది వెయ్యదు, వెతుకులాటలో రెండూ వేర్వేరు మాటలు. ఇక డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ నడిచే అను ఫాంట్ల పాఠం యూనికోడే కాదు. అందులో ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలు, ఫాంటు వేసుకున్న ముసుగు వల్ల తెలుగులా కనిపిస్తాయి. అలాంటి ఫైలును ముందు యూనికోడ్‌లోకి మార్చకుండా ప్రాజెక్టు ఫైళ్లుండే రిపాజిటరీలో పెడితే డిఫ్ చదవడం ఎవరి తరమూ కాదు.

కారణం లేని మార్పు ఏం చేస్తుందో 2020 అక్టోబరు చూపించింది. డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి నడిపే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. ఆ ఏడు మొదటి మూడు రోజుల్లోనే వేలాది ప్రాజెక్టుల మీద వ్యర్థమైన మార్పులు వచ్చిపడ్డాయి. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని ఒక మాట చేర్చడం వాటిలో ప్రసిద్ధమైన నమూనా. వాటిలో చాలాభాగానికి మూలం మన దేశంలో బాగా వ్యాపించిన ఒక పాఠం వీడియో. అక్టోబరు 3న నిర్వాహకులు నిబంధన మార్చి, తమంతట ఒప్పుకున్న ప్రాజెక్టులకే కార్యక్రమాన్ని పరిమితం చేశారు, 2023 నాటికి టీషర్టే మానేశారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు ఇదే దెబ్బ తగిలింది. పాఠంలో చూపించినట్టే చేసి, వందలమంది రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపారు. ఆ విద్యార్థులను వెక్కిరించడం తేలిక, సబబు మాత్రం కాదు. వాళ్లు ఆదేశాలన్నీ సరిగ్గానే వేశారు. ఫోర్క్, క్లోన్, కమిట్, పుష్, పుల్ రిక్వెస్ట్, ఒక్క మెట్టూ తప్పలేదు. నేర్పినవారు వదిలేసింది నాలుగో గడిని. ఈ వ్యాసం వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం వెతకనక్కర లేదు.

దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం భాషది. కారణం రాయాలంటే ఆంగ్లంలో రాయాలి, తెలుగు మాధ్యమంలో చదివిన కోదాడ విద్యార్థి ఎక్కడ రాయగలడు, అందుకే ఆదేశాలతో మొదలుపెట్టడమే మేలు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. అయితే కమిట్ సందేశానికి కావలసిన ఆంగ్లం చాలా కొద్దిది. చేర్చు, తీసెయ్యి, దిద్దు, మార్చు, సరిచెయ్యి లాంటి పది క్రియలు, ఒక తేదీ, ఒక ఆధారం, అంతే. తెలుగులో ముందు ఆలోచన తేలితే ఆ ఆంగ్లం వస్తుంది, ఆలోచన తేలకపోతే ఎంత ఆంగ్లమున్నా సందేశం ఖాళీగానే ఉంటుంది. పైగా తెలుగే సరుకుగా ఉన్న ప్రాజెక్టుల్లో తెలుగువారే పరీక్షకులు. అనువాదాల పీవో ఫైళ్లలో ఆంగ్ల వాక్యం కింద తెలుగు వాక్యం రాస్తారు. వెబ్‌లేట్ లాంటి వేదికల్లో బ్రౌజరులోనే అనువదిస్తే, అది అనువాదకుడి పేరుతోనే గిట్‌లో కమిట్ చేస్తుంది. గిట్ తెలియకుండానే గిట్ చరిత్రకెక్కినవారు ఇలా చాలామంది ఉంటారు. అలాంటప్పుడు గిట్ నేర్వడమెందుకు అంటే, ‘ఓపెన్’ అన్న ఒక్క మాటను ‘తెరువు’ అనాలా ‘తెరిచి ఉంది’ అనాలా తేల్చడానికి ఆ మాట ఏ తెర మీద, ఏ అవసరంతో వచ్చిందో చరిత్రలోకి వెళ్లి చూడవలసి వస్తుంది.

రెండో అభ్యంతరం ఆర్థికం. కోట్లు గడించే కంపెనీల సాఫ్ట్‌వేరుకు చిన్న ఊళ్ల పిల్లలు కూలి లేకుండా పనిచేయాలా అన్నది. గిట్‌హబ్‌నే 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది గనక ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. దీనికి సమాధానం ఏ ప్రాజెక్టుకు పనిచేస్తున్నామో చూసుకోవడంలో ఉంది. లైసెన్సు ఫైలు చదవకుండా మార్పు పంపడం, రాత చూడకుండా ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టడం ఒకటే. జీపీఎల్ లాంటి లైసెన్సు కింద పంపిన పనిని ఎవరు పంచిపెట్టినా మూలం బయటపెట్టాలి, ఎంఐటీ లైసెన్సు కింద పంపితే ఆ షరతు ఉండదు. రెండింటిలో ఏది తనకు సమ్మతమో పంపేవారే ఎంచుకోవాలి.

మూడోది ఈమధ్య బలంగా వినిపిస్తున్నది: కృత్రిమ మేధ ప్రోగ్రామూ రాస్తోంది, కమిట్ సందేశమూ రాస్తోంది, ఇంకా ఇవన్నీ దేనికి? యంత్రం డిఫ్ చూసి ఏం మారిందో చక్కగా చెప్పగలదు, నిజమే. కానీ కోదాడ వరుస ఉదాహరణలో కారణం డిఫ్‌లో లేదు, 2016 నాటి పాలనా మార్పులో ఉంది. దాన్ని తెచ్చి ఆ వరుసకు ముడిపెట్టి, తప్పయితే జవాబు చెప్పడానికి ఒక మనిషి కావాలి. కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నిర్వాహకుడు డానియెల్ స్టెన్‌బర్గ్, యంత్రాలతో రాయించి పంపే డొల్ల భద్రతా నివేదికలు తన సమయాన్ని మింగేస్తున్నాయని 2024 నుంచి బహిరంగంగా మొత్తుకుంటున్నాడు. రాయడం చవకైన కొద్దీ సరిచూడడం ఖరీదవుతోంది.

వీటన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. చక్కగా కారణాలు రాసినంత మాత్రాన మార్పు మంచిదవుతుందా? కాదనడానికి 2024 మార్చి 29న బయటపడిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేరు ఉదంతమే రుజువు. జియా తాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా, మర్యాదగా, పనికొచ్చే మార్పులే పంపి నమ్మకం సంపాదించి, సహనిర్వాహకుడై, చివరికి ఆ కుదింపు సాఫ్ట్‌వేరులో దొంగదారి పెట్టారు. కమిట్ సందేశాలు చూడడానికి సలక్షణంగానే ఉన్నాయి. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. అయితే ఇదే ఉదంతంలో గమనించవలసిన సంగతి, దొంగదారిని తెరిచే కీలకమైన ముక్క గిట్ చరిత్రలో లేదు, విడుదల కోసం విడిగా కట్టిన మూటలో ఉంది. మిగతా భాగాన్ని పరీక్ష ఫైళ్ల ముసుగులో రిపాజిటరీలో దాచారు. నమోదయ్యే చోట దొంగ భయపడ్డాడు, నమోదు లేని చోట పని కానిచ్చాడు. బయటపడ్డాక ఆ పేరుతో జరిగిన ప్రతి మార్పునూ వెతికి పట్టి, ఒక్కొక్కటీ పరీక్షించగలిగింది కూడా చరిత్ర ఉండబట్టే. చిట్టా ఉన్నంత మాత్రాన మిల్లులో దొంగతనం ఆగదు, చిట్టా లేకపోతే దొంగతనం జరిగిందని కూడా తెలియదు.

తెలుగులో ఈ అలవాటు పెరగడానికి చోట్లు లేకపోలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ప్రతి వ్యాసం పైనా ‘చరిత్ర’ అన్న మీట ఉంటుంది, భద్రపరిచే ముందు ‘దిద్దుబాటు సారాంశం’ అడుగుతుంది. బ్రాంచీలు లేని, సరళమైన వెర్షన్ కంట్రోల్ అది. సూర్యాపేట జిల్లా ఊళ్ల వ్యాసాల చరిత్ర తిరగేస్తే 2016 పునర్వ్యవస్థీకరణ తరవాత జిల్లా పేర్లు ఎలా మారాయో వరసగా కనిపిస్తుంది. గిట్ మొదలుపెట్టే ముందు ఒక నెల సారాంశం వదలకుండా అక్కడ దిద్దుబాట్లు చేయడం, ఏ కోర్సుకూ తీసిపోని సాధన. 2005లో ఏర్పడ్డ స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ కళాశాలల్లో గ్నూ లినక్స్ బృందాలను కట్టి, తెలుగు లినక్స్ మీద పనిచేస్తూ వచ్చింది. గిట్‌హబ్ మీద ఆధారపడకుండా గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేరుతో సొంత వేదిక కూడా నడుపుతోంది. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, ధూర్జటి, తిమ్మన లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్ రిపాజిటరీలో ఉన్నాయి. ఏదో ఒక ఒత్తు సరిగ్గా కూర్చోకపోతే, ఏ అక్షరం, ఏ సాఫ్ట్‌వేరులో, ఎలా కనిపించాలి అని తెరపట్టుతో సహా ఇష్యూ రాయడం ఫాంట్ల తయారీ తెలియనివారు కూడా చేయగల పని. ఒక్క ప్రోగ్రాము వరుస కూడా రాయకుండా చేసే ఇలాంటి పనులను తక్కువగా చూసే ధోరణి ఒకటి ఉంది, అది తప్పు. సంక్లిష్టమైన తెలుగు ఒత్తు తప్పుగా పడిందని బెర్లిన్ నిర్వాహకుడి కంటికి ఎన్నటికీ కనిపించదు.

చివరగా సదుపాయాల మాట. లాప్‌టాప్ లేదు, ఇంటి దగ్గర సిగ్నల్ నిలవదు అన్నది సూర్యాపేట దాటి పల్లెల్లోకి వెళ్తే మామూలు కష్టమే. గిట్ కేంద్ర సర్వరు మీద నడిచేది కాకపోవడం ఇక్కడ ఉపయోగపడుతుంది. కళాశాల ల్యాబులో ఒకసారి క్లోన్ చేసుకుని పెన్‌డ్రైవులో తెచ్చుకుంటే, మొత్తం చరిత్ర చేతిలో ఉన్నట్టే. పాత కమిట్ల వరుస చూపే లాగ్ చదవడానికి, బ్రాంచి తెరవడానికి, డిఫ్ చూసుకోవడానికి, కమిట్ రాయడానికి నెట్ అవసరం లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అందులోనూ గిట్ నడుస్తుంది, కీబోర్డు చిన్నదైనా ఒక వరుస దిద్దడానికి సరిపోతుంది. నెట్ కావలసింది కమిట్లను సర్వరుకు పుష్ చేసేటప్పుడు, ఆ తరవాత నిర్వాహకుడు అడిగే ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు. ఆ ప్రశ్నలు ఒక గంటలో రావచ్చు, ఒక నెలకు రావచ్చు. ఎక్కువమంది నిర్వాహకులు తమ ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట కూర్చుని చూసేవారే.